మాస్టారి స్క్రీన్ మీద పసుపు చీటీ

మరదలికి అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. ఏదో ఒకరోజు తాను ఇంటికి చేరేసరికి మొగుడు కూర్చునే గదికి లోపల గడియ పెట్టి ఉంటుంది. ఎంత కొట్టినా తెరుచుకోదు. ఉయ్యాలలో పిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు పోయి ఉంటుంది. తుపాకీ అంటే ఆమెకు లెక్కలేదు. గడియ అంటేనే ఒళ్ళు జలదరిస్తుంది.

ఆ ఉదయం గూఢచారి శాఖ ఆఫీసులో బాబాయి బల్ల మీద మూడు ఫొటోలు పరిచినప్పుడు ఆమె వాటిని ముట్టుకోలేదు. మూడు గదులు. మూడింటికీ పగలగొట్టిన తలుపులు. లోపల ఆరిపోని స్క్రీన్, ఎర్ర గీతలు, కుర్చీలో తల వాల్చేసిన మనిషి. ఒకాయన రిటైరైన పోస్ట్‌మాన్. ఒకాయన పళ్ళ డాక్టరు. మూడో ఆయన కుట్టుమిషన్లు బాగుచేసేవాడు.

ఆ శాఖలో మారుపేర్లన్నీ చుట్టరికాలే. చీఫ్ బాబాయి. పరికరాలు తయారుచేసేవాడు బావ. శత్రువు కొంపలో శాఖ తరఫున కూర్చున్న అందగత్తె వదిన. వరస తప్పి పిలిస్తే ప్రాణం పోతుందన్నది ట్రైనింగ్‌లో మొదటి పాఠం. ఈమె పేరు మరదలు, చేరి రెండేళ్ళయింది. బడి చదువు పదో తరగతి మధ్యలోనే ఆగింది. ధరల చార్టులు మాత్రం కళ్ళు మూసుకుని చదువుతుంది. ఆ చదువంతా మొగుడి నష్టాల పక్కన కూర్చుని నేర్చుకున్నదే. ఆఫీసుల్లో అద్దాలు తుడిచే కంపెనీలో పని అని ఇంట్లో చెప్పుకుంది.

బాబాయి బ్రీఫింగ్ ఎప్పుడూ పొడి పొడి మాటల్లోనే సాగుతుంది. సరిహద్దు అవతలి ముఠా ఒకటి ఊళ్ళో ఆఫీసు తెరిచింది. దాని ముఖం మాస్టారు. ఆన్‌లైన్‌లో ట్రేడింగ్ పాఠాలు చెప్తాడు. ఆయన అకౌంటుకు మన అకౌంటు ముడి వేసుకుంటే చాలు, ఆయన కొన్నది మనకూ కొనుక్కుపోతుంది, ఆయన అమ్మింది మనకూ అమ్ముడైపోతుంది. దాన్ని కాపీ ట్రేడింగ్ అంటారు. లక్షమంది ముడి వేసుకున్నారు. ఈ రోజు మూడున్నరకు మార్కెట్ మూసేముందు మాస్టారు ఒక్క బటన్ నొక్కుతాడు. లక్ష అకౌంట్లు ఒకేసారి అమ్ముతాయి. ధర బావిలో రాయిలా పడుతుంది. ముందే కాచుకుని ఉన్న ముఠా అడుగున ఏరుకుంటుంది. దేశం పొద్దున్నే లేచి జేబు తడుముకుంటుంది.

"మరి వీళ్ళు?" మరదలు ఫొటోల వైపు చూసింది.

"పోయిన నెల వీళ్ళ మీద చిన్నగా టెస్టింగ్ చేశారు. పనిచేసింది."

ఆ లక్షమందికీ ముడి విప్పుకోమని చెప్పేస్తే పోదా అని ఆమె అడిగింది. బాబాయి కళ్ళజోడు తుడుచుకుంటూ, ఒకడికి చెప్తే గంటలో మాస్టారికి తెలుస్తుందనీ, ఇంకో ఊరు, ఇంకో రోజు చూసుకుంటాడనీ అన్నాడు. తర్వాత తలెత్తకుండానే అడిగాడు.

"నీ వాళ్ళెవరైనా ఉన్నారా అందులో?"

"లేరు బాబాయ్."

ఉన్నాడు. ఆ లక్షలో ఒకడు ఆమె మొగుడు. ఉన్నాడంటే ఈ పని ఇంకెవరికో ఇస్తారు. ఇంకెవరో పోయి చెడగొట్టుకొస్తే ఆ నాలుగో ఫొటో ఎవరిదో ఆమెకు తెలుసు. తానే వెళ్ళి ఆపేస్తే లక్షమందితో పాటు అతనూ బతికిపోతాడు. అబద్ధం ఆడటానికి అంతకన్నా మంచి కారణం ఆమెకు కనిపించలేదు.

బావ ఒక పెన్ను ఇచ్చాడు. క్యాప్ నొక్కితే ఇంటర్నెట్ పది సెకన్లు చచ్చిపోతుందని మురిసిపోయాడు.

"మా ఆయన లాంటివాడే రెండు నెట్‌లు పెట్టుకుంటాడు బావా. ఒకటి పోతే రెండోది అందుకుంటుంది. మాస్టారికి ఉండదా?"

బావ ముఖం మాడిపోయింది. "ఉంచుకో. సంతకాలకైనా పనికొస్తుంది."

అప్పుడు ఆమె తన ఉపాయం చెప్పింది. మూడు నెలల కింద మొగుడు మూడు వారాలు వరసగా గెలిచాడు. కొత్త ఉయ్యాల కొంటానన్నాడు, సొంత ఇల్లు కొంటానన్నాడు. ఒకరోజు ఆమె స్క్రీన్ తుడుస్తుంటే పిల్ల అంటించిన బాతు స్టిక్కరు ఊడింది. దాని కింద సన్నటి నారింజరంగు పట్టీ, దాని మీద 'డెమో' అని అక్షరాలు. ఏదో నొక్కబోయి, ఉత్తుత్తి డబ్బుతో ఆడుకునే డెమోలోకి మారిపోయాడు. ధరలు నిజమైనవే, చార్టు నిజమైనదే, గెలుపు మాత్రమే ఉత్తిది. ఆ రోజు మనిషి అన్నం ముట్టలేదు.

బాబాయి మొదటిసారి నవ్వాడు. పెన్ను సంగతి వదినకు తెలిసేలా తాను చూసుకుంటాననీ, స్టిక్కరు సంగతి మాత్రం ఈ గది దాటకూడదనీ చెప్పాడు. వదిన మీద నీకు అనుమానమా అని బావ అడిగితే, అందగత్తెల మీద అనుమానం తన జీతంలో భాగమన్నాడు.

పదకొండింటికి మరదలు నీలం యూనిఫాంలో, బకెట్టూ స్ప్రే సీసాతో మాస్టారి ఆఫీసున్న ఆరో అంతస్తు ఎక్కింది. చల్లటి పొడుగాటి గది. ఒకే బల్ల, ఐదు స్క్రీన్లు, గోడవారగా మిణుకుమిణుకుమంటున్న రెండు నెట్ పెట్టెలు. నడిమి స్క్రీన్ పైఅంచుకు ఒక పసుపు చీటీ అంటించి ఉంది. ట్రేడర్లందరికీ ఉండే జబ్బే. తమను తాము నమ్మలేక, సుద్దులు రాసి స్క్రీన్‌కు అంటించుకుంటారు. మాస్టారి సుద్ది ఇది: 'నొక్కే ముందు రెండోసారి చూడు.'

వదిన కిటికీ దగ్గర నిలబడి ఉంది. మనిషి నిజంగానే దీపంలా ఉంది.

"తుడిచిన చోటే మళ్ళీ దుమ్ము," అంది మరదలు.

"గాలి అటునుంచే వస్తోంది," అంది వదిన. కోడ్ కుదిరింది. వదిన కళ్ళు ఆమె జేబులోని పెన్ను మీద ఒక్క క్షణం ఆగి, చెప్పుల మీదికి దిగి, పక్కకు పోయాయి.

మాస్టారు బట్టతల మనిషి, మృదువైన గొంతు. శిష్యులు పంపిన సందేశాలు పైకి చదివి నవ్వుకోవడం అతని కాలక్షేపం. పోస్ట్‌మాన్ ఆఖరి సందేశాన్ని ఆరోజు కూడా చదివాడు. ఒక్క రోజు గడువు ఇప్పించమని అందులో ప్రాధేయపడ్డాడట.

"గడువు ఇవ్వడానికి నేనేమన్నా పోస్టాఫీసా?" అని తన జోకుకు తానే నవ్వుకున్నాడు. తర్వాతది వదినకు చదివి వినిపించాడు. "ఇది విను. 'మాస్టారూ, మీ దయవల్ల మా పాపకు కొత్త ఉయ్యాల కొంటాను. మీ పాదాలకు దండం. ఇట్లు, పాపనాన్న.' రోజూ పొద్దున్నే దండం పెడతాడు. ఇలాంటివాళ్ళు పదిమంది ఉన్నారు నాకు. కోతకు ముందు మెడ వాళ్ళే వంచుతారు."

మరదలి చేతిలో గుడ్డ ఆగిపోయింది. పాపనాన్న ఎవరో ఆమెకు తెలుసు. ఆ పేరు పెట్టుకున్న రోజు తనను పిలిచి చూపించాడు, బాగుందా అని అడిగాడు.

"నీకు చదువొచ్చా?" మాస్టారు హఠాత్తుగా అడిగాడు.

"రాదండి."

"అదృష్టవంతురాలివి," అన్నాడు.

మూడింటికి వదిన ఒక కాగితం పట్టుకుని, ఫోన్లు చేయాలంటూ పక్కగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. మాస్టారు బాత్‌రూంకి లేచాడు. స్క్రీన్ లాక్ చేయలేదు. చదువురాని మనిషికి లాక్ ఎందుకు?

మరదలికి దొరికింది రెండు నిమిషాలు. నడిమి స్క్రీన్ మీద స్ప్రే కొట్టింది. ఎడమచేత్తో తుడుస్తూ కుడిచేత్తో మౌస్ పట్టుకుంది. పైమూల బొమ్మ, కింద మెనూ, మూడో వరస. లైవ్ పోయి డెమో వచ్చింది. పైఅంచున నారింజ పట్టీ వెలిగింది. మాస్టారి అసలు అకౌంటులో ఉన్న డబ్బు అంకెనే డెమోలో కొట్టింది, తేడా కనబడకుండా. తర్వాత పసుపు చీటీ ఊడదీసి ఒక్క అంగుళం పక్కకు, సరిగ్గా పట్టీ మీద, మళ్ళీ అంటించింది. అంతే. లోపలి గదిలో వదిన గొంతు తేనెలా వినిపిస్తూనే ఉంది. ఎవరితో ఏం చెబుతోందో వినే తీరిక మరదలికి లేదు. ఆ రెండు నిమిషాలకు ఖరీదు కట్టే తీరిక కూడా లేదు.

మూడూ ఇరవై అయిదుకు వదిన బయటికొచ్చింది. చేతిసంచిలోంచి చిన్న పిస్తోలు తీసింది. అంత అందంగా పిస్తోలు తీసినవాళ్ళను మరదలు చూడలేదు.

"మాస్టారూ, ఈ పనిమనిషి జేబులో పెన్ను ఉంది, తీసుకోండి. పదో తరగతి కూడా దాటని దాన్ని పంపారు నా మీదికి. శాఖలో మనుషులు అయిపోయారేమో."

మాస్టారు పెన్ను తీసుకుని వెలుగులో తిప్పి చూశాడు. తర్వాత ఆమెను తన కుర్చీ పక్కనే నిలబెట్టాడు. కళ్ళు మూసుకుంటే కాల్చెయ్యమని వదినకు చెప్పాడు. చూస్తూ ఉండాలి, అదే శిక్ష.

పిల్లకు పాలవేళ మూడున్నర. గడియారం చూడకపోయినా మరదలి రొమ్ములు బరువెక్కి సలుపుతున్నాయి. ఇంకా అయిదు నిమిషాలు కూడా లేదని ఆ సలుపే చెప్పింది.

మూడూ ఇరవై ఎనిమిది. మాస్టారు వేళ్ళు విరుచుకున్నాడు. బటన్ నొక్కాడు.

ఆర్డర్లు టకటకా పడ్డాయి. ఒకటి, పది, వంద. ధర ఒక్క వెంట్రుకవాసి కిందికి దిగింది. మళ్ళీ పైకి లేచింది.

"ఇప్పుడు పడుతుంది చూడు," అన్నాడు మాస్టారు.

పడలేదు.

"లక్షమందికి చేరాలి కదా. కాస్త లేటవుతుంది." పోస్ట్‌మాన్, పళ్ళ డాక్టరు, మిషన్ల మెకానిక్, అందరూ స్క్రీన్ ముందు చెప్పుకున్న మాటలే ఇప్పుడు అతని నోట్లోంచి వస్తున్నాయి.

వదిన ముందుకు వంగింది. అందం కన్నా ఆమె బుర్ర చురుకు. "మాస్టారూ, అన్నీ ఒకే ధరకు పడ్డాయి. పైసా కూడా జారలేదు. ఇంత శుభ్రంగా ఎప్పుడన్నా పడ్డాయా?"

నిజమైన మార్కెట్‌లో పెద్ద ఆర్డరు అడిగిన ధరకు పడదు, ఎంతో కొంత జారుతుంది. అడిగింది అడిగినట్టు ఇచ్చేది డెమో ఒక్కటే. ఈ సంగతి మాస్టారు మొదటి పాఠంలోనే చెప్తాడు.

"నా చెయ్యి అలాంటిది," అన్నాడు మాస్టారు.

వదిన చెయ్యి చాపి పసుపు చీటీ పీకేసింది. నారింజ పట్టీ. డెమో.

ఇంకా ఇరవై సెకన్లు. మాస్టారు మౌస్ మీద పడ్డాడు. మెనూ, మూడో వరస, లైవ్. మీరు నిజంగా మారదలచుకున్నారా అని సాఫ్ట్‌వేరు మర్యాదగా అడిగింది. అవునన్నాడు. పాస్‌వర్డ్ అడిగింది. తప్పు కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. కొత్త వెర్షన్ వచ్చిందనీ, దయచేసి వేచి ఉండమనీ చెప్పి చక్రం తిప్పడం మొదలుపెట్టింది. చక్రం తిరుగుతోంది. మాస్టారి నుదుటి చెమట కీబోర్డు మీద బొట్టు బొట్టుగా పడుతోంది. మరదలు కళ్ళు మూసుకోలేదు. చూస్తూ ఉండమన్నారు, చూసింది.

మూసే గంట మోగింది. ఆ రోజుకల్లా ఎక్కువ ధర దగ్గర మార్కెట్ మూసుకుంది.

వదిన పిస్తోలు ఎత్తేలోపే మరదలి చేతిలోని స్ప్రే సీసా ఆమె కళ్ళలోకి చిమ్మింది. తలుపు విరిగింది. బాబాయి మనుషులు గది నిండా దిగారు. మాస్టారిని ఈడ్చుకుపోతుంటే అతను ఇంకా చక్రం వైపే చూస్తున్నాడు.

బేడీలు వేసిన వదిన ఎర్రబారిన కళ్ళతో మరదలి వైపు చూసి చిన్నగా నవ్వింది. "లక్షమందిని కాపాడావు, బాగానే ఉంది. నా సంచిలో కాగితం ఉంటుంది, చూసుకో. పడుతుందని ముందే తెలిసినట్టు ముందే అమ్మినవాళ్ళు కొందరుండాలి కదా, రేపు నేరం ఎవరి నెత్తినైనా వెయ్యాలంటే. మూడింటికి ఆ పదిమందికీ నేనే ఫోన్ చేశా. ఉన్నదంతా పెట్టి మీ చేత్తో మీరే అమ్ముకోండి, మాస్టారి ఆశీర్వాదం అని. ఏడో ఆయన పాపం ఏడ్చాడు, సంతోషంతో."

మరదలు కాగితం విప్పింది. ఏడో వరస, పాపనాన్న.

ముందు అమ్మి, పడ్డాక చవగ్గా కొనుక్కునే పందెం అది. ధర పడి ఉంటే అతను గెలిచేవాడు. పెరిగింది, ఉన్నదంతా పోయింది. పడకుండా ఆపింది తనే.

ఫోన్ ఇమ్మని బాబాయిని అడిగింది. ఆపరేషన్ అయ్యాక నివేదిక రాసి ఇచ్చేవరకూ ఎవరూ గది దాటకూడదు, ఫోన్ ముట్టకూడదు. అది శాఖ నియమం. ఇంటికి ఒక్క మనిషిని పంపమంది. ఎవరింటికని బాబాయి అడిగాడు. మా ఆయన ఒక్కడే ఉన్నాడు బాబాయ్, పిల్ల ఉంది అంది.

బాబాయి కాగితం మీది ఏడో పేరు చూశాడు, ఆమెను చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"లేరన్నావు కదమ్మా," అన్నాడు. నివేదిక కాగితాలు ఆమె ముందుకు తోశాడు. "మూడు కాపీలు."

ఆమె రాస్తోంది. బావ ఇచ్చిన పెన్నుతోనే రాస్తోంది, సంతకాలకు బాగానే పనికొస్తోంది. రవిక తడిసి యూనిఫాం అంటుకుపోయింది. ఇంకా రెండు కాపీలు మిగిలాయి.

అందాకా మీకొక మనవి. మీ మెట్ల పక్క వాటాలో, తలుపు నిండా పసిపిల్ల అంటించిన బాతు స్టిక్కర్లుండి, లోపల ఉయ్యాలలో పిల్ల ఆగకుండా ఏడుస్తుంటే, మనకెందుకని పోకండి. ఒకసారి తలుపు కొట్టి ఆ పిల్ల తండ్రిని పిలవండి. పలక్కపోతే, దయచేసి, రెండోసారి కొట్టి చూడండి.