ఉడకని శనగలు

"నవరాత్రుల్లో ఈ ఇంట్లో గుడ్డు పగలడానికి వీల్లేదంటే వీల్లేదు!" మీనాక్షమ్మ మళ్ళీ అదే మాట అంది.

"గుడ్డు లేకపోతే పెకాన్ పై గట్టిపడదమ్మా! రేపు థాంక్స్‌గివింగ్‌కి మా మేనేజర్ కుటుంబంతో పండగ భోజనానికి వస్తున్నాడు. శ్యామల చేసే పై గురించి ఆఫీసంతా చెప్పుకున్నాను!" చక్రధర్ గొంతు పెంచాడు.

"ఇట్స్ జస్ట్ పై, నానమ్మా!" ఫోన్లోంచి తలెత్తకుండానే అంది రూప.

 శ్యామల ఆస్పత్రిలో డ్యూటీ చేసి వచ్చి, చీర కట్టుకుని, కాసేపైనా కూర్చోకుండా మైదాలో చల్లటి వెన్న కలుపుతోంది. వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. అత్తగారు గెలిచినా, భర్త గెలిచినా పొయ్యి దగ్గర నిలబడేది తనే కదా!... ఆ వాదన ఎటు తేలితేనేం?

పై అనే ఆ తీపి వంటకానికి అడుగుపొరగా పిండిని పళ్ళెంలో పరిచింది. ఖాళీగా ఓవెన్‌లో పెడితే పొంగిపోతుంది. అందుకే పైన కాగితం వేసి, దాని మీద బరువుగా శనగలు పోస్తుంది. కెనడాలోని ఈ లండన్ ఊరికి వచ్చిన కొత్తలో కొన్న శనగలవి. ఏటా ఓవెన్‌లో కాలి కాలి గోధుమరంగుకి తిరిగాయి. బేస్‌మెంట్ మెట్ల కింద అల్మరాలో డబ్బాలో దాస్తుంది. ఇవాళ తెచ్చి మూత తీస్తే... డబ్బా ఖాళీ!

"ఇంకెవరు తీస్తారు? కింద అద్దెకున్న ఆ ధరణే!" మీనాక్షమ్మ చెయ్యి తిప్పింది. "కాలేజీ చదువని వచ్చి, ఇళ్ళల్లో డబ్బాలు వెతకడమా!"

శ్యామల కిందికి దిగింది. స్టౌ మీద గిన్నెలో నీళ్ళు తెర్లుతున్నాయి. ధరణి ఒక్క శనగ తీసి వేళ్ళ మధ్య నొక్కుతోంది. శ్యామలని చూడగానే ఆ పిల్ల మొహం పాలిపోయింది.

"సారీ ఆంటీ!... పార్ట్ టైం పనిలో షిఫ్టులు దొరకగానే కొత్తవి కొని పెడదామనుకున్నా. రాత్రంతా నానబెట్టాను, పొద్దున్నుంచి ఉడకబెడుతున్నాను. ఎంతకీ మెత్తబడటం లేదేంటి ఆంటీ?"

అవి ఎప్పటికీ ఉడకవని ఎలా చెప్పడం!...

"అన్నం ఎప్పుడు తిన్నావమ్మా?"

"మొన్న గుడిలో పులిహోర పెట్టారు..." ధరణి తలదించుకుంది. "నిన్న సాయంత్రం పైనుంచి నెయ్యి వాసన వస్తుంటే ఇంక ఆగలేకపోయాను ఆంటీ. అమ్మకి మాత్రం రోజూ తిన్నాననే చెప్తున్నా..."

 ఇన్నాళ్ళూ ఈ పిల్ల నెత్తిన నడుస్తూ, మిగిలిన కూరలు చెత్తబుట్టలో పారేసింది తనే కదా! మెట్ల మీద ఎదురైనప్పుడల్లా "బాగున్నావా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయిందీ తనే!... శ్యామల ఆ పిల్ల తల మీద చెయ్యి వేసింది.   స్టౌ ఆపి, గిన్నె పట్టుకుని, ధరణి చెయ్యి పట్టుకుని పైకి తీసుకొచ్చింది.

"దొరికాయా?" మీనాక్షమ్మ అడిగింది.

ఆవిడ అరచేతిలో ఒక శనగ పెట్టింది శ్యామల. "నొక్కండి అత్తయ్యా. పొద్దున్నుంచి ఉడుకుతోంది. దీనికోసమే ఈ పిల్ల ఆకలితో కాచుకుని కూర్చుంది."

మీనాక్షమ్మ గోరుతో నొక్కింది. నొక్కు పడలేదు. ఆవిడ ధరణి మొహంలోకి చూసి, చూపు తిప్పేసుకుంది. రూప ఫోన్ బల్ల మీద బోర్లించింది.

"శ్యామలా..." చక్రధర్ గొంతు తగ్గించాడు. "మనం ఇచ్చింది గది మాత్రమే. ఇవాళ ఒకరికి మొదలుపెడితే..."

శ్యామల ధరణిని కుర్చీలో కూర్చోబెట్టింది. కంచంలో వేడి అన్నం, పప్పు వడ్డించి, పక్కనే నెయ్యి గిన్నె పెట్టింది. చేతులు కొంగుకి తుడుచుకుని, ఎప్పటికన్నా నెమ్మదిగా అంది.

"పైలో గుడ్డు వెయ్యాలో వద్దో మీరిద్దరూ తేల్చుకోండి. నేను తేల్చుకున్నది ఒక్కటే. ఇవాళ్టి నుంచి రెండు పూటలా ధరణి మనతో కూర్చునే తింటుంది."