కప్పు చల్లారిన వేళ

"శోకగీతం శత్రువు చేతిలో పడింది" అన్నాడు చీఫ్.

ఏజెంట్ మతురానాకు ఒళ్లు మండిపోయింది. చిలీలో సైన్యం చంపి మాయం చేసిన నలభై మంది పేర్లున్న మైక్రోఫిల్మును కవయిత్రి ఇస్మేనియా ఇవాళ దేశం దాటించాలి. ఆ నలభైలో ఆమె తమ్ముడు ఫెర్మీన్ ఒకడు. ఆమెను ఎక్కడ, ఎప్పుడు ఎక్కించుకోవాలో పడవవాడికి చెప్పే కబురు, తమ్ముడి మీద ఆమె రాసి పేపర్లో వేయించిన పద్యంలోనే ఉంది.

"సైన్యానికి సాయపడే విదేశీ ముఠాకు స్పానిష్ రాదు. దాన్ని ఇంగ్లీషు చేసిచ్చింది మన మిరేయాయే!"

ముత్యాల దండ, ఎర్ర లిప్‌స్టిక్, ముఠాలో మన గూఢచారి. తిన్నింటి వాసాలు లెక్కపెట్టింది!

సాయంత్రం వాల్పరైసో రేవు మెట్ల మీద మిరేయా కనిపించింది. ఫాదర్ వేషంలో ఉన్న మతురానా అంగీ చాటునుంచి పిస్టల్ ఆమె డొక్కకు ఆనించాడు.

"అమ్ముకున్నావు కదే!"

"అరవకండి ఫాదర్, పాపం తగులుతుంది. ముందిది చదవండి."

ఇంగ్లీషు కాగితం. 'రేవు మెట్ల మీద, పదకొండింటికి, నీ కప్పు చల్లారింది.'

మతురానా తెల్లబోయాడు. అసలు పద్యంలో మాట 'ఓన్సె'. నిఘంటువులో దానికి అర్థం పదకొండు. చిలీలో మాత్రం ఓన్సె అంటే సాయంత్రం టీ, రొట్టె.

"నిఘంటువు తీసి సరిచూసుకున్నారు కూడా. భేష్ అన్నారు వెధవలు! రాత్రి పదకొండింటికి తుపాకులతో దిగుతారట."

కింద ఇస్మేనియా బుట్టను కాపలా సిపాయి ఆపాడు.

"ఏంటమ్మా అది?"

"ఓన్సెకి రొట్టెలు, బాబూ."

నవ్వుతూ వాడు అడుగున ఉన్న రొట్టె లాగబోయాడు. ఫిల్ము అందులోనే ఉంది. మతురానా ఒక్క ఉరుకున వెళ్లి వాడి చేతి మీద చరిచాడు.

"దీవించకుండానే తింటావురా?"

సిలువ గుర్తు వేసి పైది చేతిలో పెట్టాడు. సిపాయి సిగ్గుపడి తప్పుకున్నాడు.

పడవెక్కిన ఇస్మేనియా చేతికి మిరేయా ఆ కాగితం ఇచ్చింది. చదివి ఆమె భగ్గుమంది.

"పదకొండేంటే? వాడు టీకొస్తాడని రోజూ కప్పు పెట్టి కూర్చునేదాన్ని! నా ఏడుపుని గడియారం చేస్తావా? వాణ్ణి ఆ సైన్యం ఒకసారి చంపింది, నువ్వు ఇంగ్లీషులో రెండోసారి చంపావు!"

మిరేయా తల వంచుకుని పడవ తాడు విప్పింది.

"దిద్దుతానక్కా. పదకొండు దాటనీ."