రెండో గొంతు

రక్తాన్ని మెదడులోకి రానివ్వకుండా కాపలా కాసే నెత్తుటి గడప తెరుచుకుంది. మందుచీమలు, కంటికి కనిపించనంత చిన్న యంత్రాలు, పైడితల్లి మెదడులోకి బారులు తీరాయి. వాటిని నడిపే సత్యవేణి వేళ్లు పలక మీద ఆడుతున్నాయి. నోరు మాత్రం మూసుకునే ఉంది. గాజుగదుల్లో కూర్చునే చోదకులెవరూ రోగితో మాట్లాడకూడదన్నది నాడీకేంద్రం నియమం. మనిషి గొంతు వింటే మెదడులో లేనిపోని కదలికలు పుట్టి, తెర మీది మెదడు పటం చెడిపోతుందట.

రొమ్ములో పుట్టిన క్యాన్సర్ మెదడుకు పాకితే మహా టక్కరిదవుతుంది. నరాల వేషం వేసుకుని నరాల మధ్యే కాపురం పెడుతుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా. అందుకే రోగి మాట్లాడుతూ ఉండాలి. మాట్లాడుతుంటే అసలు నరాలు వెలుగుతాయి, వేషగాళ్లు వెలగవు. చీమలు ఆ వెలగని చీకటిని తింటాయి. మాటలకు మెదడు ఎంత వెలిగిందో కొలిచే మాటమట్టు వరసగా మూడుసార్లు గీత కిందికి పడితే, ఆ మెదడు ఇక దక్కదని యంత్రం తేల్చేసి మనిషిని ఉపశమన వరుసలోకి పంపుతుంది. అక్కడ నొప్పికి మందిస్తారు, అంతే.

పైడితల్లికి రెండుసార్లు పడింది. ఇది మూడోది.

ఆమె భీమిలి దగ్గర సముద్రాన్ని ఆపే గోడ మీద ఏళ్ల తరబడి ఒక్కతే పంపులు నడిపిన మనిషి. ఇక్కడికీ ఒక్కతే వచ్చింది. వారాల పేర్లు చెప్పమని యంత్రం తేనె పూసిన గొంతుతో అడిగింది. ఆదివారం, సోమవారం అని ఆగిపోయింది పైడితల్లి. యంత్రం మళ్లీ అడిగింది. ఆమె కప్పు వైపు చూస్తూ ఊరుకుంది. మాటమట్టు జారడం మొదలైంది.

సత్యవేణి పటాన్ని మరోసారి చూసింది. గడ్డలన్నీ తల వెనకవైపున ఉన్నాయి. మాట పుట్టే చోటు శుభ్రంగా ఉంది. మాట రాక కాదు, మాట్లాడబుద్ధి కాక ఊరుకుంటోంది ఈమె. ఆ ఊరుకోవడం సత్యవేణికి కొత్త కాదు. తన గదికి వెళ్లాక దీపం వెలగమనీ తలుపు మూసుకోమనీ చెప్పడానికి తప్ప ఆమె నోరు తెరిచి ఎన్నాళ్లయిందో. పలకరించే దిక్కు లేకపోవడాన్ని యంత్రం రోగంగా లెక్కగడుతోంది. సత్యవేణికి కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. మైకు మీట నొక్కింది.

"పైడితల్లమ్మా, పొద్దున ఏం తిన్నారు?"

గొంతు తుప్పు పట్టినట్టు వచ్చింది. పైడితల్లి కళ్లు అటూ ఇటూ వెతికాయి.

"ఎవులమ్మా?"

"మీ తలలో చీమల్ని నడిపేదాన్ని. సత్యవేణి."

"మనిసివేనా?"

"మనిషినే."

"మరిన్నాళ్లూ మాటాడవేటి? ఆ మిసనీ అడుగుతాది గానీ ఇనదు. ఇననిదానికి సెప్పడమేటని ఊరుకున్నాను."

ఆ తర్వాత ఆమెను ఆపడం ఎవరి తరమూ కాలేదు. గంజి పోశారట, అందులోకి చిన్న ఉల్లిపాయ ముక్కైనా ఇవ్వలేదట. గోడ మీది నాలుగో పంపు నాలుగు తిట్లు తింటే గానీ కదిలేది కాదట. ఆ తిట్లేమిటో కూడా చెప్పింది. సత్యవేణి పకపకా నవ్వింది. తెర మీద పైడితల్లి మెదడు నలుమూలలా వెలిగింది, చీకటి మిగిలిన చోట్లకు చీమలు పరుగెత్తాయి.

మాటమట్టు గీత దాటగానే యంత్రం పని ఆపింది. రెండో గొంతు కలిసిన ఈ కొలత మలినమనీ, తుడిచెయ్యాలా అనీ అడిగింది. తుడిస్తే పైడితల్లి మాటలు కూడా పోతాయి, ఆమె ఉపశమన వరుసలో పడుతుంది. వద్దంటే సత్యవేణి ఉద్యోగానికి నీళ్లు వదులుకోవాలి. యంత్రానికి అంతకన్నా పెద్ద చిక్కు, తన కొలతే తప్పని ఒప్పుకోవాలి. ఆ వరుసలో ఇప్పటికే పడుకున్నవాళ్లలో మాట పోయినవాళ్లెందరో, పలకరింపు లేనివాళ్లెందరో. సత్యవేణికి భయమేసింది. అయినా వద్దని నొక్కింది.

యంత్రం పాత పటాలన్నీ మళ్లీ లెక్కగట్టింది. తర్వాత నడవా పొడవునా పలకలన్నీ ఆగిపోయాయి, గాజుగదుల తలుపులు తెరుచుకున్నాయి. పాత కొలతలేవీ చెల్లవు, చోదకులు మాట్లాడాలి అని ప్రతి తెర మీదా వచ్చింది. ఏళ్లుగా పక్కపక్కనే కూర్చున్నవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఎలా మొదలుపెట్టాలో ఎవరికీ తోచలేదు.

పక్క గదిలో జుట్టు నెరిసిన చోదకుడు తన రోగిని పలకరించడానికి మైకు దగ్గరికి వంగాడు. అతని గొంతు ఎలా ఉంటుందో సత్యవేణి అప్పుడే మొదటిసారి విన్నది.

"అమ్మా," అన్నాడతను, "నేనిక్కడే ఉన్నాను. చెప్పండి."