ఎడమ చెవిలో ఊఁ

ఫోన్లు బాగుచేసే కొట్లో పనిచేస్తానన్న మాటే గానీ, ఇంట్లో ఏదైనా పాడైతే నాకు ఎక్కడలేని బద్ధకం ముంచుకొస్తుంది. ఆ ఇయర్‌ఫోన్లను మాత్రం ఆఘమేఘాల మీద పట్టుకు కూర్చున్నాను. అవి లేకపోతే గువ్వ పడుకోదు.

గువ్వ మా అక్క కూతురు. పోయేముందు ఒక మధ్యాహ్నం అక్క గది తలుపు వేసుకుని, ఒంటరిగా కూర్చుని ఫోన్‌లో ఒక కథ రికార్డు చేసింది. ఆమె గొంతు మాకు మిగిలింది అందులోనే. ఒక్కో వాక్యం చెప్పి కాస్త ఆగుతుంది, కూతురు ఊఁ కొట్టడానికని.

బయట మబ్బు పట్టి గదంతా మసగ్గా ఉంది. ప్లగ్గు దగ్గర తెగిన తీగలకు టంకం పెట్టి, ఆ పొగ వాసన ఇంకా పోకముందే గువ్వ చెవుల్లో పెట్టాను.

"పిన్నీ, ఇందులో అమ్మ లేదు."

నేను పెట్టుకుని విన్నాను. నవ్వొచ్చింది. రెండు చెవులకూ ఉమ్మడిగా ఉండే తీగ సరిగ్గా అతకలేదు. అలాంటప్పుడు రెండువైపులా ఒకేలా వచ్చే గొంతు మాయమైపోయి, పక్కల్లో ఉన్న చప్పుళ్ళే మిగులుతాయి. పాటలో పాడేవాళ్ళు పోయారు, వాయిద్యాలే ఉన్నాయంటూ మా కొట్టుకు ఎంతమంది తిరిగొస్తారో.

ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. కుర్చీ కిర్రుమంది. తర్వాత...

"ఊఁ."

ఎడమ చెవిలో. తాపీగా. మైకుకి బాగా దగ్గరగా.

కాసేపటికి మళ్ళీ "ఊఁ". అక్క ఆగే ప్రతిచోటా.

ఆ రోజు గదిలో ఇంకెవరూ లేరు. తలుపు బయట కూర్చున్నది నేనే.

టంకం కరిగించి ఆ తీగను మళ్ళీ అతికించాను. అక్క గొంతు నిండుగా తిరిగొచ్చింది. ఊఁ వినిపించలేదు. ప్రాణం లేచొచ్చింది. కానీ ఆ గొంతులోని అలసట ఇన్నాళ్ళూ నాకెందుకు వినపడలేదో తెలియదు. ఆపితే ఏమవుతుందోనన్నట్టు చెబుతోంది...

ఇయర్‌ఫోన్లు గువ్వకు పెట్టి జోకొట్టాను. అది కళ్ళు మూసుకోలేదు. గది మూలకేసి చూస్తోంది.

"పడుకో తల్లీ."

"అమ్మ కథ చెప్పింది నాకు కాదట," గుసగుసగా అంది.

"మరెవరికి?"

"అమ్మ అలిసిపోయిందట పిన్నీ. ఇక నన్ను చెప్పమంటున్నారు."

ఇయర్‌ఫోన్లు లాగేసి, కట్టర్‌తో తీగను ముక్కలు చేశాను. ఫోన్ ఆపేశాను. అక్కను పోగొట్టుకున్నాను, దీన్ని కూడా పోగొట్టుకుంటానేమోనని భయమేసింది. గువ్వను గట్టిగా పొదువుకున్నాను.

అది నా భుజం మీదుగా చూస్తూ, అచ్చం అక్కలాగే మొదలుపెట్టింది.

"అనగనగా ఒక ఊళ్ళో ఒక పిల్ల ఉండేదట..."

ఆగింది.

నా ఎడమ చెవి పక్కన ఎవరో ఊఁ కొట్టారు.