ఈస్టర్ ముందురోజు పోయిన వెండి పాత్ర

సాయంత్రం నాలుగు గంటల ముప్పై ఐదు నిమిషాలకు వెండి పాత్ర కనిపించడం లేదని తెలిసింది.

నాలుగు నలభైకి దొంగ ఎవరో తేల్చేశారు.

ఐదు గంటలకు పోలీసులకు ఫోన్ చేశారు.

సెయింట్ కొలంబా ఎపిస్కోపల్ సంఘంలో పనులన్నీ ఈ వరసలోనే జరుగుతాయి.

ఆ రోజు ఈస్టర్ ముందటి శనివారం. లమాగన్ కొండ మీద మధ్యాహ్నం నుంచి పొగమంచు విడలేదు. రెండు గంటలకు పోయిన కరెంటు తిరిగి రాలేదు. ఐదు ఇరవై ఐదుకు సార్జెంట్ ఇగ్నాసియా అగ్పాద్ మోటారు సైకిల్ చర్చి ముందు ఆగింది. వెనక కార్పొరల్ తుమపాంగ్ ఉన్నాడు.

అగ్పాద్‌కు యాభై ఒక్క ఏళ్ళు. బాప్తిస్మం ఇదే చర్చిలో. చిన్నప్పుడు తల్లితో వచ్చి బలిపీఠం గుడ్డలు ఉతికేది. పెద్దయ్యాక ఈ సంఘం పెద్దల్ని దగ్గర నుంచి చూసింది. అప్పటినుంచి క్రిస్మస్‌కు తప్ప రావడం మానేసింది.

ముందు చర్చి లోపలికి వెళ్ళింది. టార్చి వేసి చూసింది. బలిపీఠం మీద గుడ్డ లేదు, కొవ్వొత్తి లేదు. సిలువకు నల్లగుడ్డ చుట్టి ఉంది. రొట్టె ఉంచే చిన్న అర తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఖాళీ. పక్కన గొలుసుకు వేలాడే ఎర్ర గాజు గిన్నె కడిగి తుడిచి ఆరబెట్టినట్టు శుభ్రంగా ఉంది.

ఆ పక్కన ఆరాధన సామాను గది. బీరువా తాళం పగలలేదు. తాళంచెవులు మూడు. ఒకటి ఫాదర్ డెల్ఫిన్ దగ్గర. ఒకటి కమిటీ పెద్ద క్లెమెంటె బక్వాడెన్ దగ్గర. ఒకటి వెరోనికా పలిక్దన్ దగ్గర.

పోయిన పాత్ర వందేళ్ళ నాటిది. మొదటి మిషనరీ ఓడలో తెచ్చాడు. ఏడాదికి ఒక్క ఈస్టర్ రోజున మాత్రమే బయటికి తీస్తారు.

పక్కన ఉన్న సంఘం హాలులో ముప్పై మంది కాఫీ తాగుతున్నారు. ఉడికించిన చిలగడదుంపలు తింటున్నారు. దొంగతనం జరిగిన ఇంట్లోలా లేదు, పెళ్ళి కుదిరిన ఇంట్లోలా ఉంది. వెరోనికా ఒక్కతే తలుపు పక్కన బల్ల మీద కూర్చుని ఉంది. ఆమెకు కాఫీ ఎవరూ ఇవ్వలేదు. పొద్దున్న ఆ కాఫీ గింజలు వేయించింది మాత్రం ఆమే.

వెరోనికాకు అరవై ఎనిమిదేళ్ళు. ఊరంతా ఆమెను మనాంగ్ అంటుంది, అక్కా అన్నట్టు. మగవాళ్ళనైతే మనోంగ్ అంటారు, అన్నా అన్నట్టు. భర్త పోయిన ఏడాది నుంచి, అంటే ముప్పై ఒక్క ఏళ్ళుగా, బలిపీఠం ఆమే చూసుకుంటోంది. చర్చి వెనక రెండు గదుల చెక్క ఇంట్లో ఉంటుంది. ఆమె బలిపీఠం సేవ చేసినన్నాళ్ళు ఆ ఇల్లు ఆమెదేనని అప్పటి బిషప్ రాసిచ్చిన ఉత్తరం ఉంది. సేవ పోతే ఇల్లూ పోతుంది. పోవడానికి ఆమెకు మరో చోటు లేదు.

సేవ అప్పటికే పోయింది. పోలీసులు వచ్చేలోగా, ఐదు పదికి, కమిటీ కూర్చుని తీర్మానం చేసింది. తాళంచెవి అప్పగించాలి. సోమవారానికి ఇల్లు ఖాళీ చేయాలి. ఫాదర్ డెల్ఫిన్ కళ్ళు మూసుకుని ప్రార్థించి సంతకం పెట్టాడు. అతనికి కష్టమైన పని ఏది వచ్చినా ముందు కళ్ళు మూసుకుంటాడు.

సాక్ష్యం ఏమిటని అగ్పాద్ అడిగింది.

స్త్రీల సమాజం అధ్యక్షురాలు క్రిస్తెతా ఒక ఊదారంగు మఖమలు సంచి తెచ్చి చూపించింది. పాత్రను చుట్టి ఉంచే సంచి. వెరోనికా ఇంట్లో చిలగడదుంపల బుట్ట అడుగున దొరికింది. పాత్ర దొరకలేదు. సంచిని ఎంతమంది ముట్టుకున్నారని అడిగితే క్రిస్తెతా వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. పదకొండు మంది. అందరూ ప్రార్థన చేసే చేతులే కదా అని కూడా అంది.

"నాలుగు ముప్పై ఐదుకి పాత్ర లేదని చూశారు. ఐదు నిమిషాల్లో బుట్ట అడుగున సంచి దొరికింది. అక్కడే వెతకమని ఎవరన్నారు?"

క్రిస్తెతా క్లెమెంటె వైపు చూసింది.

క్లెమెంటె బక్వాడెన్ ఆ చూపు కోసమే కూర్చుని ఉన్నాడు. అరవై నాలుగేళ్ళు. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా. ఇరవై రెండేళ్ళుగా కమిటీ పెద్ద. నెలనెలా వచ్చే సంఘ వార్తల కాగితం అతనే రాస్తాడు. అతని ఫొటో లేని సంచిక ఇంతవరకూ రాలేదు. ఒక నెల సమాధుల తోట శుభ్రం చేసిన వార్తలో చీపురు పట్టిన వాళ్ళెవరూ కనబడలేదు. చీపుర్లు చూస్తున్న క్లెమెంటె కనబడ్డాడు.

రేపటి ఈస్టర్ కాగితం కూడా సిద్ధమైంది. జనరేటర్ మీద రెండు వందల ప్రతులు తీసి బల్ల మీద పేర్చారు. అగ్పాద్ ఒకటి తీసి చదివింది. శోధనలో పడిన మన సహోదరి వెరోనికా కోసం ప్రార్థించండి, అని మూడో వరసలో ఉంది.

అది వార్త అచ్చు వేయడంలో వాళ్ళ వేగం. వర్షాకాలం నుంచి కారుతున్న చర్చి కప్పు గురించి ఇంకా ఒక్క వరసా రాలేదు.

వెరోనికా పాత్ర తీయడం కళ్ళారా చూశానని క్లెమెంటె చెప్పాడు. అగ్పాద్ నోటుపుస్తకం తెరిచింది.

"ఎన్నింటికి చూశారు, మనోంగ్?"

"మూడు నలభై."

"అంత కచ్చితంగా ఎలా చెబుతున్నారు?"

"గడియారం చూసుకున్నా. బాధ్యత ఉన్నవాళ్ళం కదమ్మా, టైము చూసుకోకపోతే ఎట్లా?"

"ఎక్కడ నిలబడ్డారు?"

"వెనక తలుపు దగ్గర. రేపటికి పూలు వచ్చాయా లేదా అని తొంగి చూశా."

"కరెంటు లేదు. బయట పొగమంచు. లోపల మనిషి మొహం ఎలా తెలిసింది?"

క్లెమెంటె జాలిగా నవ్వాడు. చర్చికి రానివాళ్ళను చూసి నవ్వే నవ్వు.

"నువ్వు ఇటు రావడం మానేసి చాన్నాళ్ళయింది కదా, మర్చిపోయుంటావు. బలిపీఠం పక్కన ఎర్ర దీపం ఉంటుంది. రాత్రీ పగలూ వెలుగుతూనే ఉంటుంది. ఆ వెలుగులో చూశా. మనాంగ్ వెరోనికా మొహం, చేతిలో వెండి పాత్ర, రెండూ కనబడ్డాయి. నలభై ఏళ్ళుగా ఆ దీపం ముందు మోకరించినవాణ్ణి."

"అప్పుడే ఎందుకు పట్టుకోలేదు?"

"రేపటికి తోముతోందేమో అనుకున్నా. మంచిగానే అనుకుంటాం కదా మనం."

అగ్పాద్ అంతా రాసుకుంది. ఒకసారి చదివి వినిపించింది. దీపం మాట రెండుసార్లు చదివింది. క్లెమెంటె తల ఊపాడు. హాలులో ముప్పై మందీ విన్నారు. వాళ్ళలో ఫాదర్ ఉన్నాడు, క్రిస్తెతా ఉంది. ఎవరూ ఏమీ అనలేదు. క్లెమెంటె పేరు కింద రెండు గీతలు గీసి సంతకం పెట్టాడు.

ఆ తర్వాత ఆమె ఒక కప్పు కాఫీ తీసుకుని తలుపు దగ్గరికి వెళ్ళింది. వెరోనికా చేతికి ఇచ్చి పక్కన కూర్చుంది.

మూడు నలభైకి ఎక్కడున్నావని అడిగింది. ఇంట్లో, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో బలిపీఠం గుడ్డలు ఇస్త్రీ చేస్తున్నానని వెరోనికా చెప్పింది. చూసినవాళ్ళున్నారా అంటే, పంది చూసిందని చెప్పింది. ఈ మధ్య ఎవరైనా ఇంటికి వచ్చారా అని అడిగింది. నిన్న పొద్దున క్లెమెంటె కొలతల టేపు పట్టుకుని వచ్చాడట. ఇల్లు పడగొట్టి, యాత్రికులకు అతిథిగృహం కట్టి, తన తండ్రి పేరు పెట్టాలని రెండేళ్ళుగా తిరుగుతున్నాడు. బిషప్ ఉత్తరం అడ్డంగా ఉంది. లోపలి గది కొలుస్తుండగా ఆమె పందికి మేత వేయడానికి బయటికి వెళ్ళింది.

"ఈ మాట కమిటీకి చెప్పావా?"

"అడగలేదుగా. సంతకం పెట్టమన్నారు. నేను పెట్టలేదు."

అగ్పాద్ లేచి తుమపాంగ్‌ను వరండాలోకి పిలిచి ఏదో చెప్పింది. ఆరు రెండుకు మోటారు సైకిల్ కొండ దిగువకు వెళ్ళింది.

ఆరు ఇరవై ఐదుకు అందర్నీ చర్చిలోకి రమ్మంది. కాఫీ కప్పులు బయట పెట్టి రమ్మంది. కొందరికి ఆ మాట నచ్చలేదు.

లోపల చీకటి. మనిషికి మనిషి తగులుతున్నారు. అగ్పాద్ టార్చి ఆర్పి బలిపీఠం దగ్గర నిలబడింది. క్లెమెంటెను వెనక తలుపు దగ్గర, మధ్యాహ్నం నిలబడ్డ చోటే నిలబడమంది.

"మనోంగ్, నా చేతిలో ఏముంది?"

వెనక తలుపు దగ్గర చెప్పుల చప్పుడైంది.

"నా మొహం?"

"చీకటి పడింది కదమ్మా."

"దీపం వెలుగు చాలదా?"

చీకట్లో ఎవరో ఊపిరి గట్టిగా పీల్చారు. క్రిస్తెతా అయ్యుండాలి.

"మనాంగ్ వెరోనికా, ఈ దీపం ఎప్పుడు ఆర్పావు?"

"నిన్న. శుక్రవారం ఆరాధన అయ్యాక, నాలుగు గంటలకి."

"ఎందుకు?"

"అరలో దీవించిన రొట్టె ఉంటేనే దీపం. నిన్నటితో రొట్టె అయిపోయింది. రేపు తెల్లవారి కొత్త నిప్పు వచ్చేదాకా అర ఖాళీ, దీపం ఉండదు. ప్రభువు సమాధిలో ఉన్నాడు కదా. ఏటా ఇంతే."

అగ్పాద్ టార్చి వేసింది. ఎర్ర గాజు గిన్నె మీద వెలుగు పడింది. చుక్క నూనె లేదు, వత్తి లేదు.

"ఏడాదిలో ఈ దీపం వెలగని శనివారం ఒక్కటే. సరిగ్గా ఆ రోజే మనోంగ్ క్లెమెంటె ఆ వెలుగులో దొంగను చూశారు."

క్లెమెంటె గొంతు సవరించుకున్నాడు. అలవాటులో ఒక మాట పొరపాటున వచ్చిందని, కిటికీ వెలుగు అయ్యుంటుందని అన్నాడు.

"పొరపాటే. కానీ ఈ పొరపాటు చర్చికి వచ్చేవాళ్ళు చేయరు," అంది అగ్పాద్. "చిన్నప్పుడు గుడ్డలు ఉతికిన నాకే గుర్తుంది. నలభై ఏళ్ళలో ఒక్క గుడ్ ఫ్రైడేనాడైనా మీరు ఇక్కడ ఉంటే తెలిసేది. మీరు ఏటా గురువారం సాయంత్రం ఆరాధనలో ఫాదర్‌తో కాళ్ళు కడిగించుకుని, ఫొటో దిగి, వేడినీళ్ళ బుగ్గకు పోతారు. మళ్ళీ ఆదివారం తొమ్మిదింటికి దిగుతారు. ఈసారే ఊళ్ళో ఉండిపోయారు, అదీ నిన్నటి ఆరాధనకు రాకుండా. ఇక్కడ పని పడింది కాబట్టి."

ఆమె ఫాదర్ వైపు తిరిగింది.

"మీ సంగతి వేరు. రొట్టె ముగించింది మీరే. దీపం ఆర్పుతుంటే పక్కనే ఉన్నారు. హాల్లో దీపం మాట రెండుసార్లు చదివాను. ఎందుకు నోరు విప్పలేదు?"

ఫాదర్ డెల్ఫిన్ కళ్ళు మూసుకున్నాడు.

"తెరవండి, ఫాదర్."

తెరిచాడు. తనకు తట్టలేదన్నాడు. అది నిజమే కావచ్చు. కమిటీ పెద్ద మాట్లాడుతుంటే ఆ చర్చిలో ఎవరికీ ఏదీ తట్టదు. నిన్న ఆ గిన్నె కడిగిన ముగ్గురు ఆడవాళ్ళకూ తట్టలేదు. వాళ్ళు నోటినిండా చిలగడదుంప పెట్టుకుని, తాము కడిగి ఆరబెట్టిన దీపం వెలిగిందంటే తల ఊపారు.

ఆరు ముప్పై ఒకటికి బయట మోటారు సైకిల్ ఆగింది. తుమపాంగ్ తువ్వాలులో చుట్టిన పొడుగాటి వస్తువు పట్టుకుని లోపలికి వచ్చాడు. తువ్వాలు విప్పితే వెండి పాత్ర. దాని అంచున రెండు బియ్యపు గింజలు అంటుకుని ఉన్నాయి.

క్లెమెంటె భార్య జోసెఫినాకు మోకాలి వాపు. వారం నుంచి గడప దాటలేదు. ఈ గొడవేదీ ఆమె దాకా వెళ్ళలేదు. పాత్ర పంపమని చర్చి నుంచి వచ్చానని తుమపాంగ్ చెప్పాడు. ఆమె బియ్యం డ్రమ్ములోంచి తీసి ఇచ్చింది. నిన్న పొద్దున మెరుగు పెట్టడానికని తెచ్చి, మళ్ళీ దాని ఊసే ఎత్తలేదని భర్తను కాస్త విసుక్కుంది కూడా.

"మంచు పడుతోంది, స్వెట్టర్ వేసుకుని తొందరగా రమ్మన్నారు," భార్య మాటగా క్లెమెంటెతో అన్నాడు తుమపాంగ్.

క్లెమెంటె వెనక బెంచీ మీద కూర్చున్నాడు. అతని పక్కన కూర్చున్న ఇద్దరూ లేచి ముందు బెంచీలోకి మారారు. గంట క్రితం అతని కప్పులో కాఫీ పోసింది వాళ్ళే.

అతన్ని స్టేషన్‌కు తీసుకువెళ్ళే ముందు ఫాదర్ డెల్ఫిన్ సార్జెంట్‌ను పక్కకు పిలిచాడు. రేపు ఈస్టర్ అన్నాడు. పై ఊళ్ళ నుంచి జనం వస్తారన్నాడు. పాత్ర దేవుని కృపవల్ల దొరికిందని కాగితంలో వేస్తే సరిపోతుందన్నాడు. మిగిలింది మనలో మనం మెల్లగా చూసుకుందామన్నాడు.

"దేవుడు కాదు, జోసెఫినా ఇచ్చింది," అంది అగ్పాద్. "నాది పోలీసు పని, ఫాదర్. కేసు నేను రాసుకుంటా. మీ కాగితం సంగతి మనాంగ్ వెరోనికాను అడగండి."

వెరోనికా అప్పటికే దగ్గరికి వచ్చింది. తన తాళంచెవి ఫాదర్ చేతిలో పెట్టింది.

"కాగితం వద్దు. దొంగ అని అందరి ముందూ నోటితో అన్నారు. కాదని కూడా అందరి ముందూ నోటితో అనండి. అన్నాక ఈ తాళంచెవి తిరిగివ్వండి. అప్పుడే బలిపీఠం సిద్ధం చేస్తా."

సోమవారం కమిటీలో పెడతానని ఫాదర్ అన్నాడు.

"సోమవారం కాదు. పొద్దున్నే."

తెల్లవారుజామున నాలుగు ముప్పైకి చర్చి ముందు రెండు వందల మంది నిలబడ్డారు. కొత్త నిప్పు కోసం పైన్ చెక్కలు రాజేశారు. మూసిన తలుపు ముందు వెరోనికా నిలబడి ఉంది. అగ్పాద్ రాత్రి డ్యూటీ దిగి, యూనిఫాం విప్పకుండానే వచ్చి, నిప్పుకు అటుపక్క నిలబడింది. ఆమెను చూశాకే ఫాదర్ మాట మొదలుపెట్టాడు.

పాత్ర తీసింది మనోంగ్ క్లెమెంటె అని చెప్పాడు. మనాంగ్ వెరోనికా తియ్యలేదని చెప్పాడు. తాను విచారించకుండా సంతకం పెట్టానని, ఆ తీర్మానం రద్దు చేశానని చెప్పాడు. ఒక్కొక్క మాటా చన్నీళ్ళలో కాలు పెడుతున్నట్టు పలికాడు. తర్వాత తాళంచెవి చాచాడు.

వెరోనికా తీసుకోలేదు.

"ఇల్లు?"

"ఇల్లు... నీదే, మనాంగ్. సేవ చేసినన్నాళ్ళూ."

"సేవ చేయలేకపోయిన రోజున?"

ఫాదర్ జనం వైపు చూశాడు. జనం అతని వైపే చూస్తున్నారు. కళ్ళు మూసుకోబోయి ఆగాడు.

"అప్పుడూ నీదే."

"వెనకవాళ్ళకి వినబడలేదు, ఫాదర్."

ఫాదర్ డెల్ఫిన్ గొంతు పెంచి మళ్ళీ చెప్పాడు.