రేపటికి వదిలిన గళ్లు

మదనపల్లె బయట, కొండకింద ఉన్న క్షయ ఆసుపత్రిలో మగవాళ్ల వరండాకి దినపత్రిక మధ్యాహ్నం భోజనాలయ్యాకే చేరేది. అందులో యుద్ధం సంగతులు ఎవరికి కావాలి! గళ్ల పజిలు కోసమే అందరూ మెడలు చాచేవాళ్లు. పుంగనూరు బడిపంతులు దేవసహాయం దిండుకి ఆనుకుని కూర్చుంటే, భార్య సంతోషమ్మ ఆధారాలు చదివేది, ఆయన గళ్లు నింపేవాడు.

ఒక్క మాట మాత్రం నింపకూడదు. అది ఆ వరండా కట్టుబాటు. రేపటికి ఒకటి మిగుల్చుకుంటే రేపు కూడా ఉంటామని రోగుల నమ్మకం. డాక్టర్లు నవ్వేవాళ్లు. పక్కమంచం వరదరాజులు కూడా నవ్వి, పందెం వేసినట్టు మొత్తం పూర్తిచేసి, ఆ సాయంత్రమే పోయాడు. చచ్చినవాడి కళ్లు చారెడన్నట్టు, బతికుండగా అతని గొణుగుడికి విసుక్కున్నవాళ్లే ఇప్పుడు అంత తెలివైనవాడు లేడన్నారు.

పోయినవాళ్ల వస్తువులన్నీ కాల్చెయ్యాలి. అతనివీ కాల్చారు, పెన్సిలు తప్ప. యుద్ధకాలంలో పెన్సిలు దొరకడమే గగనం. సంతోషమ్మ దాన్ని వేడినీళ్లలో కడిగి కొంగున ముడేసుకుంది. కడిగితే రోగం పోతుంది కదా అనుకుంది పిచ్చితల్లి.

మరునాడు ఆ పెన్సిలుతోనే దేవసహాయం పజిలు నింపి, మూడు గళ్ల మాటొకటి వదిలేశాడు. విశ్రాంతి గంట కొట్టారు. ఇక ఎవరూ మాట్లాడకూడదు, కదలకూడదు. ఫినాయిలు వాసన, బయట ఎండుటాకుల గలగల, ఎక్కడో ఒక దగ్గు. సంతోషమ్మ మంచం పక్కనే కునుకు తీసి లేచి చూస్తే... మూడు గళ్లలో రెండు నిండి ఉన్నాయి.

"మీరేనా రాసింది?" గుసగుసగా అడిగింది.

"నేను యాల రాస్తాను? రేపటికి ఉండొద్దా?"

నిజమే. ఆయనవి గుండ్రటి అక్షరాలు. ఇవి సన్నగా, ముందుకు వాలి ఉన్నాయి. దుప్పటి బిగించి పరిచిన పక్కమంచం వైపు చూడడానికి ఆమెకి ధైర్యం చాలలేదు. భర్త నుదురు ముట్టుకుంటే కాలిపోతోంది.

రబ్బరు పెట్టి తుడిచింది. చూస్తుండగానే మళ్లీ తేలాయి. వంటశాలకి పరుగెత్తి పెన్సిలు పొయ్యిలో పడేసింది. అది బూడిదయ్యేదాకా నిలబడి, ఏడుస్తూ తిరిగొచ్చింది.

మూడో గడిలో గీత మొదలైంది.

"ప్రభువా!" అంటూ గళ్ల మీద అరచెయ్యి అదిమింది. "వరదరాజులన్నా, నీకు దణ్ణం పెడతా. ఈయన్ను వదిలెయ్యన్నా. ఏం కావాలన్నా నన్నడుగు..."

అరచేతికింద గీత గరగరమంది.

ఆగింది.

నర్సు దయామణి వచ్చి దేవసహాయం నోట్లో థర్మామీటరు పెట్టింది. తీసి, వెలుతురుకి పట్టి చూసింది.

"జరం దిగిపోయిండాదమ్మా! యాల ఏడస్తాండావు? చెయ్యి ఎత్తు, పేపరు సినిగిపోతాది."

సంతోషమ్మకి ప్రాణం లేచొచ్చింది. భర్త ఊపిరి హాయిగా ఆడుతోంది. ఆమె నవ్వబోయింది, చెయ్యి ఎత్తబోయింది.

ఎత్తలేకపోయింది.

అరచేతికింద మళ్లీ కదలిక... గళ్లు దాటి, చల్లగా, ఆమె చర్మం మీద... సన్నని అక్షరాలు ఒక్కొక్కటే మణికట్టు వైపు వస్తున్నాయి.