కార్మెల్ మాతకు అంగీ తొడిగిన చేతులు

"నీ కూతురు మాతను మైలపరిచిందా వదినా... లేక నా కొడుకు మగాడే కాదని ఊరంతా చాటిందా? రెంట్లో ఏదో ఒకటి నువ్వే చెప్పు!"

కుస్తోదియా వంటింటి గుమ్మంలోనే నిలబడి అరిచింది. పండుగ బట్టలైనా మార్చుకోలేదు. పొయ్యి పక్కన బంగాళదుంపలు చెక్కు తీస్తున్న ఎడెల్మిరా చేతిలో కత్తి ఆగిపోయింది. వియ్యపురాలి వెనక అల్లుడు ఎవెలియో తలవంచుకుని నిలుచున్నాడు. మాత పండుగనాడు లారీలకిచ్చే దీవెన కోసం అతని పాలలారీకి కట్టిన కాగితం పూలు వాకిట్లో పొగమంచుకు తడిసి వేలాడుతున్నాయి. మూలన స్టూలు మీద నూబియా కూర్చుని ఉంది. గుడి నుంచి తిన్నగా పుట్టింటికే వచ్చేసింది.

ఆ కొండ ఊళ్ళో పండుగకు ముందు కార్మెల్ మాత విగ్రహానికి బట్టలు మార్చేది మగవాణ్ణి ఎరగని ఆడది మాత్రమే. నూబియా చిన్నతనం నుంచీ ఆ పని చేసింది. పెళ్ళయ్యాక ఇంకో పిల్లకు అప్పగించారు. ఈ ఏడు ఆ పిల్ల జ్వరంతో మంచం పట్టింది. ఎవరికీ చెప్పకుండా తెల్లవారుతూనే నూబియా గుడికి వెళ్ళి, తలుపు వేసుకుని, మాతకు గోధుమరంగు అంగీ తొడిగింది. పైవస్త్రం మడతల్లో గుండుసూదులు కనబడకుండా గుచ్చే తీరు ఒక్క నూబియాదే. ఊరి ఆడవాళ్ళు చూడగానే పట్టేశారు. పెళ్ళయినది మాతను ముట్టుకుందని కొందరు, ముట్టుకుందంటే ఇంకా కన్నెగానే ఉందని కొందరు! లారీల దీవెన దగ్గర తోటి డ్రైవర్లు హారన్లు మోగించారు. "ఏరా ఎవెలియో, నీ బండి ఇంకా షెడ్డులోనే ఉందటగా!"

"నేను మాతను మైలపరచలేదు అత్తయ్యా," అంది నూబియా మెల్లగా. "ఆవిణ్ణి ముట్టుకునే హక్కు నాకు ఇంకా ఉంది."

ఎవెలియో చెవులు ఎర్రబడ్డాయి.

"విన్నావా వదినా! సిగ్గు లేకుండా ఎలా చెబుతోందో! దీని కడుపులో చలి చేరింది, అందుకే మొగుడు పడటం లేదు. ఆకులు కాచి ఒళ్ళు కాలేలా స్నానం చేయించి, గదిలో పెట్టి గడియ వేస్తే అదే దారికొస్తుంది. ఆదివారం గుడిలో అందరి ముందూ 'పాపం చేశాను, మాతను మైలపరిచాను' అని చెప్పాలి. ఇప్పుడే నాతో బయలుదేరాలి!"

గడియ... ఆ మాటకు ఎడెల్మిరా తల తిప్పింది. ఇంటి చివర మూసి ఉన్న గదిలోంచి గంజిపెట్టిన గుడ్డ మడతపెడుతున్న చప్పుడు వినిపించింది. సర్‌ర్... సర్‌ర్... ఇంకెవరూ తల తిప్పలేదు. పొగమంచు దిగిన ప్రతి సాయంత్రం ఆ చప్పుడు ఆమె ఒక్కదానికే వినిపిస్తుంది.

అది ఆమె అక్క ఒబ్దులియా గది. ఒబ్దులియా కూడా మాతకు బట్టలు మార్చిన మనిషే; ఆ బట్టలకు గంజిపెట్టి మడిచేది ఈ గదిలోనే. "నాకు మగవాడి తోడు వద్దు నాన్నా, ఎందుకో అడక్కండి" అంటే కొట్టి పెళ్ళి చేశారు. పారిపోయి వస్తే తిరిగి పంపారు. మళ్ళీ వస్తే, "ఈసారి తలుపు తీసినవాళ్ళ చేతులు విరగ్గొడతాను" అని నాన్న వీధి తలుపుకు లోపల గడియ వేశాడు. బయట పొగమంచు. తలుపు మీద గోళ్ళతో గీకిన చప్పుడు. "ఎడెల్మిరా... చెల్లీ... చలిగా ఉందే..." దుప్పటి కింద ఎడెల్మిరా చెవులు మూసుకుంది. మర్నాడు కొండమీద గడ్డిలో గొర్రెల కాపరికి ఒబ్దులియా దొరికింది. ముడుచుకుని, తలకింద చేయి పెట్టుకుని, నిద్రపోయినట్టే...

"ఎందుకే తల్లీ ఇలా?" ఎడెల్మిరా కూతురివైపు తిరిగింది. "అల్లుడంటే నీకు ఇష్టం లేదా?"

"ఇష్టమే అమ్మా! లారీలో పక్కన కూర్చుంటే ఆయన పాడతాడు, నేను నవ్వుతాను. జన్మంతా అలాగే కూర్చోమన్నా కూర్చుంటాను. ఆ తర్వాతదే... నా ఒళ్ళు అడగదు. ఎప్పుడూ అడగలేదు, ఎవరినీ అడగలేదు. నాలాంటివాళ్ళు పట్నాల్లో ఉన్నారు, బొగొటాలో ఉన్నారు, మెదెయిన్‌లో ఉన్నారు. రోజూ ఫోనులో మాట్లాడుకుంటాం. దానికి పేరు కూడా ఉందమ్మా... అసెక్సువల్ అంటారు."

"ఫోనులో అంటుకున్న రోగం!" అంది కుస్తోదియా.

"నాకు ఫోను రాకముందు నుంచీ ఉంది అత్తయ్యా." నూబియా నవ్వబోయింది, నవ్వు రాలేదు. "అమ్మా, నువ్వు చూసే సీరియళ్ళలో చచ్చినవాళ్ళు లేచొస్తారు, కవలలు తారుమారవుతారు. నాలాంటిది మాత్రం రాదు. ఒకవేళ వచ్చినా, ఆఖరి రోజుకి రోగం నయమై మొగుణ్ణి వాటేసుకుంటుంది!"

"మరి పెళ్ళికి ఎందుకు ఒప్పుకున్నావే?"

"నువ్వు ఏడ్చావుగా అమ్మా..."

ఎడెల్మిరా చేతిలోని దుంప బూడిదలో పడింది. తను ఏడ్చింది నిజం! అక్కలా ఈ పిల్ల కూడా మంచుకు బలైపోతుందని భయపడి ఏడ్చింది. ఆ భయంతోనే పిల్లను మంచులోకి నెట్టింది! శాలువా చెంగుతో ముఖం తుడుచుకుని లేచింది.

"ఆదివారం గుడిలో నేను చెబుతాను వదినా. నా కూతురు మాతను మైలపరచలేదని చెబుతాను. నా అల్లుడిలో ఏ లోపమూ లేదని చెబుతాను. మా అక్క ఎలా పోయిందో, తలుపు తియ్యనిది ఎవరో... అదీ చెబుతాను. ఊరు నవ్వితే నా ముఖాన నవ్వనీ. పిల్లను మాత్రం పంపను!"

కుస్తోదియా నోరు తెరిచింది. ఎవెలియో తల్లి భుజం మీద చేయి వేసి ఆపి, భార్యవైపు చూశాడు.

"నావల్ల ఏదైనా తప్పు జరిగిందా నూబియా?"

"లేదు. నువ్వు ఒక్కనాడూ బలవంతం చేయలేదు. అందుకే నీ ముఖం చూడలేకపోయాను..." ఆమె వెక్కివెక్కి ఏడ్చింది.

అతను వాకిట్లోకి వెళ్ళి, లారీలోంచి నూబియా బట్టలపెట్టె దించుకొచ్చి గోడవారగా పెట్టాడు. "నూబియాను ఇక్కడ దింపుదామని పొద్దున్నే ఎక్కించాను," అన్నాడు తల్లివైపు చూడకుండా. "నీకు చెప్పలేదమ్మా. వాళ్ళు హారన్లు కొట్టకముందే ఎక్కించాను." టోపీ పెట్టుకుని, ముక్కు ఎగబీల్చి, "పదమ్మా, పాలు విరిగిపోతాయి," అన్నాడు.

లారీ చప్పుడు పొగమంచులో కలిసిపోయింది.

ఎడెల్మిరా ఇంటి చివరి గది తెరిచింది. ఇన్నేళ్ళయినా గంజివాసన! మంచం దులిపి కొత్త దుప్పటి పరిచింది. అలసిపోయిన నూబియా వాలగానే నిద్రలోకి జారింది. ముడుచుకుని, తలకింద చేయి పెట్టుకుని... ఎడెల్మిరా వంగి, పిల్ల ఊపిరి వెచ్చగా తన చెంపకు తగిలేదాకా అలాగే ఉంది.

ముందుగదిలోకి వచ్చి అలవాటుగా గడియ మీద చేయి వేసింది. బయట తలుపును ఎవరో మెల్లగా గీకారు.

ఈసారి చెవులు మూసుకోలేదు. గడియ లాగి తలుపు బార్లా తెరిచింది. తెల్లని మంచు తప్ప మరేమీ లేదు. అది గుమ్మం దాటి ఆమె పాదాలను చల్లగా తాకింది.

"రా అక్కా..." అంది ఎడెల్మిరా పక్కకు తప్పుకుని. "చలిలో ఎంతసేపు నిలబడతావు? పిల్ల నీ మంచం మీదే పడుకుంది. పక్కన చోటుంది."